పిల్లలకు యుద్ధం చెప్పిన రచయిత్రి

కాట్నిస్ ఎవర్‌డీన్‌కు 16 ఏళ్లు. గాజు గోళంలో ఆమె పేరు రాసిన చీటీలు 20. ఆమెతో పాటు అడవిలో వేటకు వెళ్లే గేల్‌కు 18 ఏళ్లు, అతని చీటీలు 42. సుజాన్ కాలిన్స్ నవల ‘ది హంగర్ గేమ్స్’ మొదటి అధ్యాయంలోనే ఈ లెక్క వస్తుంది. పన్నెండో ఏట ఒక చీటీ, పదమూడో ఏట రెండు, అలా పద్దెనిమిదో ఏటి దాకా ఏటా ఒకటి పెరుగుతుంది. అంతవరకు ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఒకటే నియమం. ఇంట్లో పొయ్యి వెలగని పిల్లలకు మాత్రం ప్రభుత్వం ఇంకో దారి చూపిస్తుంది. తన పేరిట అదనంగా ఒక చీటీ వేయించుకుంటే ఒక మనిషికి ఏడాది పాటు కొద్దిపాటి గింజలు, నూనె ఇస్తారు. ఇంట్లో ఎందరుంటే అన్ని చీటీలు వేయించుకోవచ్చు. పాతవి పోవు, కొత్తవి వచ్చి వాటితో కలుస్తాయి. అమ్మ, చెల్లి, తను. ఏటా మూడు చొప్పున ఐదేళ్లకు 15, మామూలుగా పడేవి 5, మొత్తం 20. గేల్ ఇంట్లో ఐదుగురు. ఏడేళ్లకు 35, మామూలువి 7.

ఆ గోళంలోంచి తీసిన చీటీలో ఎవరి పేరుంటే వాళ్లు టీవీ కెమెరాల ముందు సాటి పిల్లలతో చచ్చేదాకా పోరాడాలి. జిల్లాకు ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. 12 జిల్లాల నుంచి 24 మంది వెళ్తే, నియమం ప్రకారం ప్రాణాలతో తిరిగొచ్చేది ఒక్కరే.

రేషన్ దుకాణం ముందు వరుసలో నిలబడ్డ ఇళ్లవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు. ఆకలి ఎక్కువున్న ఇంటి బిడ్డకే చావు దగ్గరగా ఉంటుంది. ఇంత చేదు నిజాన్ని కాలిన్స్ ఉపన్యాసంగా చెప్పలేదు. పన్నెండేళ్ల పిల్లలు వేళ్లు మడిచి లెక్కపెట్టుకోగలిగే కూడికగా చెప్పారు. ఆమె రచనా జీవితం మొత్తాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క పేజీ చాలు.

ప్రపంచం కుప్పకూలాక మిగిలిన మనుషుల కథలను కౌమార వయసు పాఠకుల కోసం రాసేవాళ్లు ఇంగ్లీషులో ఇప్పుడు చాలామంది ఉన్నారు. కాలిన్స్‌ను సాధారణంగా ఆ గుంపులో ముందు వరుసన నిలబెట్టి, పది కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైన సంగతి చెప్పి, సినిమాల వసూళ్లు లెక్కగట్టి వదిలేస్తారు. అది ఆమెకు సరైన చిరునామా కాదు. ఎండిన నేలలు, ముందుకొచ్చిన సముద్రాలు, ఉత్తర అమెరికా శిథిలాల మీద లేచిన పానెం అనే దేశం, ఇవన్నీ ఆమెకు రంగస్థలం మాత్రమే. ఆమె రాస్తున్నది యుద్ధం గురించి. నాలుగేళ్ల పిల్లకు ఎంత చెప్పాలో, పదేళ్లవాడికి ఎంత చెప్పాలో, పదిహేనేళ్ల అమ్మాయికి ఎంత చెప్పాలో విడివిడిగా ఆలోచించి, వయసుకో పుస్తకం చొప్పున రాసిన రచయిత్రి ఆమె.

ఈ పట్టుదల ఆమెకు ఇంటి నుంచే వచ్చింది. కాలిన్స్ 1962లో కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో పుట్టారు. నలుగురు పిల్లల్లో ఆఖరామె. తండ్రి అమెరికా వైమానిక దళంలో అధికారి, సైనిక చరిత్రకారుడు, రాజనీతి శాస్త్రంలో డాక్టరేట్ చేసినవారు. 1968లో ఆయన వియత్నాం యుద్ధానికి వెళ్లినప్పుడు ఆమెకు ఆరేళ్లు. పిల్లల కార్యక్రమాలు అయిపోగానే తెర మీద వార్తలు వచ్చేవి, వియత్నాం అన్న మాట వినపడేది. తల్లి పరుగున వచ్చి కట్టేసేలోపే ఆ పాప చూడాల్సింది చూసేసేది. తండ్రి ఏడాదికి తిరిగొచ్చారు. ఆ తర్వాత కుటుంబం యూరప్‌లో ఉన్న రోజుల్లో ఆయన పిల్లలను పాత యుద్ధభూములకు తీసుకెళ్లి చూపించేవారు. చూపించి ఊరుకునేవారు కాదు. ఈ యుద్ధం ఎందుకొచ్చింది, ఎలా జరిగింది, ఎవరికి ఏం మిగిల్చింది అని పాఠం చెప్పినట్టు చెప్పేవారు. పిల్లలకు అర్థం కాదులే అనుకోలేదు ఆ తండ్రి. ఆ కూతురు కూడా తన పాఠకుల గురించి ఎన్నడూ అలా అనుకోలేదు.

అలబామాలోని కళల పాఠశాలలో నాటకం, ఇండియానా విశ్వవిద్యాలయంలో నాటకం, టెలికమ్యూనికేషన్స్, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో నాటక రచనలో స్నాతకోత్తర పట్టా. ఆపైన 1991 నుంచి పదేళ్లకు మించి టీవీలో పిల్లల కార్యక్రమాలకు రాశారు. నికలోడియన్ ఛానెల్‌లో ‘క్లారిస్సా ఎక్స్‌ప్లెయిన్స్ ఇట్ ఆల్’, బుజ్జి పిల్లల కోసం ‘లిటిల్ బేర్’, ‘ఆస్వల్డ్’. ఎలుగుబంటి పిల్ల, నీలం రంగు ఆక్టోపస్ చెప్పుకునే మాటలు రాసిన చెయ్యే తర్వాత హంగర్ గేమ్స్ మూడో నవల ‘మాకింగ్‌జే’ రాసింది. ఇందులో వింతేమీ లేదని నా అభిప్రాయం. నాలుగేళ్ల పిల్లలను పావుగంట సేపు కదలకుండా కూర్చోబెట్టగలిగినవాళ్లకు కథలో ఒక్క అనవసరపు వాక్యం కూడా ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

ఆ శిక్షణ ఆమె పుస్తకాల కట్టుబడిలో కనిపిస్తుంది. హంగర్ గేమ్స్ మొదటి మూడు నవలల్లో ఏది తెరిచినా మూడు భాగాలు, భాగానికి తొమ్మిది అధ్యాయాలు, మొత్తం 27. నాటకంలో మూడంకాల పద్ధతి అది. ప్రతి అధ్యాయం చివర ఒక తలుపు తెరుచుకుంటుంది, లేదా మొహం మీదే మూసుకుంటుంది. వారపత్రిక సీరియళ్ల కోసం గురువారం దాకా ఎదురుచూసిన మన తెలుగు పాఠకులకు ఆ కొసమెరుపు కొత్తేమీ కాదు. కథంతా కాట్నిస్ నోట, వర్తమాన కాలంలో సాగుతుంది. మరుక్షణం ఏం జరుగుతుందో చెబుతున్న పిల్లకే తెలియదు. పాఠకులు ఆమె కంటే ఒక్క అడుగు కూడా ముందుండరు.

సహోద్యోగి జేమ్స్ ప్రోయ్‌మాస్ ప్రోత్సాహంతో ఆమె పుస్తకాల వైపు వచ్చారు. 2003లో తొలి నవల ‘గ్రెగర్ ది ఓవర్‌లాండర్’. ఆలిస్ కథలోలా న్యూయార్క్‌లో పిల్లలు పడాలంటే కుందేలు బొరియ ఎక్కడ దొరుకుతుంది, మ్యాన్‌హోల్ అయితే దొరుకుతుంది అన్న ఆలోచనతో మొదలైన కథ. పదకొండేళ్ల గ్రెగర్, వాడి చిట్టి చెల్లెలు తమ అపార్ట్‌మెంట్ లాండ్రీ గదిలోని కన్నంలోంచి భూగర్భ లోకంలో పడతారు. మనుషులంత ఎలుకలు, మాట్లాడే బొద్దింకలు, స్వారీకి గబ్బిలాలు. 2007 నాటికి ఐదు పుస్తకాలు పూర్తయ్యాయి. పైకి చూస్తే సాహస గాథే. లోపల మాత్రం మనుషులే ప్రయోగశాలలో ఆయుధంగా తయారుచేసుకున్న ఒక మహమ్మారి ఉంది, ఒక జాతివాళ్లను మూకుమ్మడిగా విషవాయువుతో చంపిన ఘట్టం ఉంది. తొమ్మిది, పదేళ్ల పిల్లల కోసం రాసిన పుస్తకాల్లో ఇవి ఉన్నాయని చాలామంది పెద్దలు గమనించనే లేదు. హంగర్ గేమ్స్ పేరు మోగిపోయాక ఈ ఐదు పుస్తకాలు మరుగున పడ్డాయి. నన్నడిగితే కాలిన్స్‌ను చదవడం ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఆ తర్వాతి పుస్తకం ఎలా పుట్టిందో ఆమె చాలాసార్లు చెప్పారు. ఒక రాత్రి అలసిపోయి టీవీలో ఛానెళ్లు మారుస్తున్నారు. ఒక దానిలో యువతీయువకులు ఏదో బహుమతి కోసం పోటీ పడుతున్నారు. ఇంకో దానిలో ఇరాక్ యుద్ధం, అందులోనూ యువకులే. కాసేపటికి రెండూ ఆమె కళ్ల ముందు కలిసిపోయాయి. చిన్నప్పుడు చదివిన గ్రీకు గాథ ఆ కలయికకు ఆకారం ఇచ్చింది: ఏథెన్స్ నుంచి క్రీటు రాజు ఏడుగురు అబ్బాయిలను, ఏడుగురు అమ్మాయిలను కప్పంగా రప్పించుకుని మినటార్ అనే రాక్షసుడికి ఆహారంగా వేసే కథ. రోమన్ కాలపు గ్లాడియేటర్ల పోటీలు మిగతా సామగ్రి సమకూర్చాయి. 2008 సెప్టెంబరులో స్కొలాస్టిక్ సంస్థ ‘ది హంగర్ గేమ్స్’ విడుదల చేసింది. ముందుగా 50,000 ప్రతులు వేద్దామనుకున్నది 2 లక్షలకు పెంచాల్సి వచ్చింది. 2009లో ‘క్యాచింగ్ ఫైర్’, 2010లో ‘మాకింగ్‌జే’ వచ్చాయి.

మూడో పుస్తకం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. చాలామంది అభిమానులకు నచ్చనిది ఇదే, కాలిన్స్ నిజాయితీ కనిపించేదీ ఇందులోనే. తిరుగుబాటు గెలిచే వేళ రాజధానిలో పిల్లలను ఒకచోట గుమిగూడిస్తారు. ఆకాశం నుంచి చిన్న చిన్న పారాచూట్లు దిగుతాయి. ఆ పారాచూట్లలో మందులు, తిండి వస్తాయని దేశమంతా అలవాటు పడి ఉంది. పిల్లలు చేతులు చాచి అందుకుంటారు. అవి పేలతాయి. గాయపడ్డవాళ్ల దగ్గరకు వైద్య సహాయకులు పరుగెత్తుకొస్తారు. అప్పుడు మిగిలినవి పేలతాయి. ఆ రెండో పేలుడులో పోయిన సహాయకుల్లో కాట్నిస్ చెల్లెలు ప్రిమ్ ఉంది, ఏ చెల్లి కోసం కాట్నిస్ మొదటి పుస్తకంలో స్వచ్ఛందంగా చావుకు ఎదురెళ్లిందో ఆ చెల్లి. ఈ రెండంచెల ఎత్తుగడ ఎవరి బుర్రలో పుట్టింది? శత్రువు బుర్రలో కాదు. గేల్, ఇంకో సహచరుడు కూర్చుని, మనిషిలోని జాలినే ఎరగా వాడుకోవచ్చని గీసిన పథకం అది. మంచివైపు నిలబడ్డ కుర్రాడు, ఇంటివాళ్ల తిండి కోసం 42 చీటీలు వేయించుకున్న కుర్రాడు, యుద్ధంలో ఇలా తయారయ్యాడు. తిరుగుబాటు నాయకురాలు కాయిన్ గెలిచాక ఓడినవాళ్ల పిల్లలతో ఆఖరిసారి అదే ఆట ఆడిద్దామంటుంది. కాట్నిస్ విల్లు చివరికి ఆమె మీదకే తిరుగుతుంది.

కౌమార పాఠకులకు ఇంత చెప్పాలా అన్నవాళ్లు చాలామందే ఉన్నారు. 2010, 2011, 2013 సంవత్సరాలకు అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ప్రకటించిన, అభ్యంతరాలు ఎక్కువగా వచ్చిన పది పుస్తకాల జాబితాల్లో ఈ నవలలున్నాయి. హింస ఎక్కువ, వయసుకు తగదు అన్నవి తరచూ వినిపించిన ఫిర్యాదులు. వాళ్ల భయం అబద్ధమని అనను. పిల్లలు పిల్లలను చంపే కథను బిడ్డ చేతిలో పెట్టడానికి ఏ తల్లి అయినా వెనకాడుతుంది. కానీ ఈ నవలల్లో చావు లెక్కల్లో కలిసిపోదు. వేరే జిల్లా నుంచి ఆటకొచ్చిన పన్నెండేళ్ల రూ చనిపోతే కాట్నిస్ ఆట ఆపి, పూలు ఏరి, ఆ శరీరం చుట్టూ పేరుస్తుంది. ఆ పాప పుట్టిన జిల్లా నుంచి పేదలు చందాలేసుకుని శత్రు జిల్లా పిల్లకు రొట్టె పంపుతారు. చివరికి ఆమెతో పాటు గెలిచి వచ్చిన ఆమె జిల్లా అబ్బాయి పీటాకు కృత్రిమ కాలు పెట్టాల్సి వస్తుంది. సినిమా ఆ కాలిని తీసేసింది, నవల తీసేయలేదు. ఆఖరి పేజీల్లో కూడా, ఏళ్లు గడిచి పిల్లల తల్లి అయ్యాక కూడా, కాట్నిస్‌ను పీడకలలు వదలవు. వీడియో గేముల్లో వందల మందిని కాల్చి భోజనానికి లేచే పిల్లలకు, ఒక్క చావు ఎంత బరువో చూపించే పుస్తకం ఏ రకంగా హాని చేస్తుంది?

ఇంకో విమర్శ జపాన్ రచయిత కోషున్ తకామి 1999 నాటి నవల ‘బ్యాటిల్ రాయల్’ తో పోలిక గురించి. విద్యార్థులను ఒక దీవిలో వదిలి ఒకరినొకరు చంపుకొమ్మనే కథ అది. తన రాతప్రతి ఇచ్చేదాకా ఆ పుస్తకం పేరే వినలేదన్నది కాలిన్స్ జవాబు. పోలిక ఉన్నమాట నిజమే. అయితే ఆకలికీ చీటీకీ ముడిపెట్టిన ఆ లెక్క, ప్రేక్షకుల మెప్పు మీద బతుకు ఆధారపడే ఆ టీవీ వ్యవహారం కాలిన్స్ సొంతం.

సినిమాల విషయంలో మాత్రం నాకు అసంతృప్తి ఉంది. 2012లో జెన్నిఫర్ లారెన్స్ కాట్నిస్‌గా తొలి చిత్రం వచ్చింది, స్క్రీన్‌ప్లేలో కాలిన్స్ పాలు పంచుకున్నారు. నటన బాగుంది, చిత్రమూ బాగుంది. కానీ రెండో సినిమా వచ్చిన 2013లో ఒక పెద్ద సౌందర్య సాధనాల కంపెనీ క్యాపిటల్ పేరుతో మేకప్ వస్తువులు అమ్మింది. నవలలో క్యాపిటల్ అంటే జిల్లాల ఆకలి మీద బతుకుతూ, పిల్లల చావు చూస్తూ, రంగులు పూసుకుని మురిసే నగరం. పాఠకులు అసహ్యించుకోవాలని రాసిన దాన్నే వాళ్లకు అలంకరణగా అమ్మారు. అంతటి పేరున్న రచయిత్రి అప్పుడు గట్టిగా వద్దని ఉండాల్సింది.

అదే సినిమా తెర నుంచి ఇంకో సంగతి కూడా బయటికొచ్చింది. నవలలో కాట్నిస్ ఊరివాళ్లు ఎడమ చేతి మూడు వేళ్లు పెదవులకు తాకించి పైకెత్తుతారు. కృతజ్ఞత, గౌరవం, ప్రియమైనవాళ్లకు వీడ్కోలు, మూడూ అందులో ఉన్నాయి. 2014 మేలో థాయ్‌లాండ్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక బ్యాంకాక్ వీధుల్లో యువకులు ఆ మూడు వేళ్లెత్తారు. ఎత్తినందుకు అరెస్టయ్యారు. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైనిక తిరుగుబాటు జరిగితే ఆసుపత్రుల్లో వైద్య సిబ్బంది అదే గుర్తుతో నిరసన తెలిపారు. ఆ నెల 26న ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభలో మయన్మార్ రాయబారి చో మో తున్ సొంత దేశపు సైనిక పాలకులను ఖండించి, ప్రసంగం ముగించి మూడు వేళ్లెత్తారు. అమెరికాలో ఒక రచయిత్రి పిల్లల కోసం ఊహించిన చేతిసైగను ఆసియాలో నిజమైన తుపాకుల ముందు నిజమైన మనుషులు వాడుకున్నారు. ఏ సాహిత్య బహుమతీ దీనికి సాటి రాదు.

ఇంత గిరాకీ ఉన్నప్పుడు ఏడాదికో పుస్తకం రాయమని అందరూ అడుగుతారు. ఆ రోజుల్లో మార్కెట్ అలాగే నడిచింది. జేమ్స్ డాష్నర్ ‘ది మేజ్ రన్నర్’ 2009లో, వెరోనికా రాత్ ‘డైవర్జెంట్’ 2011లో వచ్చాయి. వాటి వెనక అలాంటివే డజన్ల కొద్దీ వచ్చి పడ్డాయి. పాఠకులకు మొహం మొత్తింది. 2016లో ‘డైవర్జెంట్’ మూడో సినిమా దెబ్బతింటే నాలుగోది తీయకుండానే ఆపేశారు. కాలిన్స్ మాత్రం 2010 తర్వాత పదేళ్ల పాటు పానెం కథ రాయలేదు. ఇంటర్వ్యూలు అరుదు, సోషల్ మీడియాలో కనపడరు. ఆ పదేళ్లలో ఆమె వెలువరించిన పుస్తకం పసిపిల్లల బొమ్మల పుస్తకం, 2013లో వచ్చిన ‘ఇయర్ ఆఫ్ ది జంగిల్’. బొమ్మలు వేసింది ఆ పాత మిత్రుడు ప్రోయ్‌మాసే.

ఆ చిన్న పుస్తకంలో సూజీ అనే పాప నాన్న వియత్నాం వెళ్తాడు. అడవికి వెళ్లాడు అంటారు ఇంట్లో. అడవి అనగానే పాప ఊహలో కార్టూన్లలో చూసిన అడవి మెదులుతుంది. నాన్న నుంచి పోస్టుకార్డులు వస్తుంటాయి. తర్వాత తగ్గుతాయి. ఒకరోజు టీవీలో హెలికాప్టర్లు, పేలుళ్లు కనిపిస్తాయి, అమ్మ గబగబా కట్టేస్తుంది. పాప మనసులోని అడవి నల్లబడిపోతుంది. ఏడాదికి నాన్న తిరిగొస్తాడు. చిక్కిపోయి ఉంటాడు. ఎదురుగా కూర్చుని ఎటో చూస్తుంటాడు. కాలిన్స్ చెప్పింది అంతే. పసిపిల్లకు అంతే చాలు, అంతకు తక్కువ చెబితే అబద్ధమవుతుంది.

పదేళ్ల విరామం తర్వాత 2020 మేలో ‘ది బాలడ్ ఆఫ్ సాంగ్‌బర్డ్స్ అండ్ స్నేక్స్’ వచ్చింది. పానెం నియంత స్నో 18 ఏళ్ల వయసులో ఎలా ఉన్నాడన్నది కథ. కట్టుబాట్లు లేకపోతే మనిషి మృగమేనా అంటూ హాబ్స్, లాక్, రూసో వాదించుకున్న ప్రశ్న దాని వెనక ఉంది. 2025 మార్చి 18న ‘సన్‌రైజ్ ఆన్ ది రీపింగ్’ వచ్చింది. కొద్దిమంది పాలకులకు ఇన్ని కోట్ల మంది అంత తేలిగ్గా ఎలా లొంగుతారన్న డేవిడ్ హ్యూమ్ ఆశ్చర్యం నుంచి, ప్రచారం అనే ఆయుధం నుంచి పుట్టిన నవల. మొదటి వారంలోనే ఇంగ్లీషులో 15 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. చెప్పడానికి కొత్త విషయం దొరికినప్పుడే కలం పట్టిన రచయిత్రికి పాఠకులు ఇచ్చిన విలువ అది.

మన సంగతికొస్తే, యుద్ధం లేని బాల్యం తెలుగు పిల్లలకూ లేదు. కురుక్షేత్రం వింటూనే పెరుగుతారు. పద్మవ్యూహంలో చిక్కిన అభిమన్యుడికి పదహారేళ్లంటారు, కాట్నిస్ ఈడువాడే. నిద్రపోతున్న ఉపపాండవులను అశ్వత్థామ చంపిన రాత్రి ఉంది. గాంధారి రణభూమిలో శవాల మధ్య నడిచే స్త్రీపర్వం ఉంది, తిక్కన దాన్ని తెలుగు చేశాడు. పిల్లల కోసం కుదించిన భారతాల్లో మనం చాలాసార్లు ఈ రెంటినీ దాటేసి, దుర్యోధనుడు కూలగానే పట్టాభిషేకానికి వెళ్లిపోతాం. వీరత్వం మిగులుతుంది, దాని ఖర్చు కనపడదు.

2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణ సాగిన రోజుల్లో మన ఇళ్లలో టీవీలు ఎలా మోగాయో అందరికీ గుర్తుండే ఉంటుంది. వార్తల మధ్య వైమానిక దాడి సైరన్లు వినిపించారు. ఆ చప్పుళ్లు కార్యక్రమాల్లో వాడొద్దని కేంద్ర ప్రభుత్వమే మీడియా సంస్థలకు సూచించాల్సి వచ్చింది. తెర ముందు పిల్లలు కూడా ఉన్నారు. ఆ పక్క ఛానెల్లో రియాలిటీ షో నడుస్తోంది. ఛానెళ్లు మారుస్తున్న ఆనాటి రాత్రి కాలిన్స్‌ను కలవరపెట్టింది సరిగ్గా ఇదే. తెర మీద కనిపించే నిజమైన చావు, వాణిజ్య ప్రకటనలు రాగానే ముగిసిపోయేది కాదని పిల్లలకు ఎవరు చెబుతారన్నది ఆమె ఆందోళన.

తెలుగులో ఆ పని చేసే పుస్తకాలు ఎన్ని? 1947లో మొదలైన ‘చందమామ’ తరతరాలకు కథలు చెప్పింది. ఇప్పుడు అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా, ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థ కలిసి పిల్లల పుస్తకాల పోటీలు పెడుతున్నాయి, చిన్నవాళ్లకు మంచి బొమ్మల పుస్తకాలు వస్తున్నాయి. పన్నెండు దాటిన పిల్లల దగ్గరకు వచ్చేసరికి అర కాస్తా ఖాళీగా కనిపిస్తుంది. వాళ్లు ఇంగ్లీషు నవలలకు వెళ్తున్నారు, లేదా చదవడమే మానేస్తున్నారు. మనకు చెప్పడానికి విషయం లేక కాదు. తెలంగాణ సాయుధ పోరాటం ఉంది, రెండో ప్రపంచ యుద్ధంలో విశాఖపట్నం మీద పడిన జపాన్ బాంబులు ఉన్నాయి, సరిహద్దుకు వెళ్లి రాని కొడుకుల ఊళ్లున్నాయి.

తెలుగు ప్రచురణకర్తలకు ఒక విన్నపం. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసు పాఠకులను వేరే పాఠకులుగా గుర్తించండి, వాళ్ల కోసం నవలలు రాయించండి, రాసినవాళ్లకు ఆ పని మీద బతకగలిగేంత పారితోషికం ఇవ్వండి. రచయితలు ఆ పిల్లలకు నీతులు తగ్గించి నిజాలు చెప్పాలి. తల్లిదండ్రులూ, ఈసారి యుద్ధం వార్త వస్తుంటే మీ బిడ్డ ఏమిటది అని అడిగితే రిమోట్ కోసం వెతక్కండి. పక్కన కూర్చుని, వాళ్ల వయసుకు తగినంత, జవాబు చెప్పండి.